ఆమె కదలలేదు

ఆమె కదలలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అప్పట్లో రిజిస్టరులో ఆమె నంబరు పక్కన నా చేత్తో నేను రాసింది దీనికి సరిగ్గా ఎదురుమాట: "కదిలింది." ఒక్క మాటే. ఆ మాట వల్ల ఒక మనిషికి నడక పోయింది, జ్ఞాపకం పోయింది. నడక ఒక్కటే తిరిగి వచ్చింది.

తొంభైల చివర్లో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చాను. పేట్ బషీరాబాద్‌లో కొత్తగా లేచిన ఒక కాలనీలో అద్దెకు దిగాం. కాలనీలో సగం మంది మా వైపు వాళ్లే. మేడ్చల్‌లో ఒక స్కానింగ్ సెంటరులో నాది ఎమ్మారై టెక్నీషియన్ పని. నాలుగైదేళ్లకి సీనియర్‌ని అయ్యాను. ఇంట్లో మా మాటే, కాలనీలో మా మాటే. సెంటరుకు వచ్చేవాళ్లది మాత్రం ఇక్కడి మాట. అది నాకు పూర్తిగా అర్థమవుతుందనే అనుకునేవాణ్ణి. తెలుగే కదా, ఎవరినైనా అడగాల్సిన పనేముంది అని.

ఆయమ్మది శామీర్‌పేట. సెంటరు తెరిచిన రోజు నుంచీ ఉంది. అరవైకి దగ్గర్లో ఉండేది. భర్త లేడు, సెంట్రింగ్ పని చేసే కొడుకు దగ్గర ఉండేది. పొద్దున్నే షేర్ ఆటోలో అందరికంటే ముందు వచ్చి గదులు తుడిచి, పేషెంట్లకు గౌనులు తొడిగి, భయపడే ఆడవాళ్ల చెయ్యి పట్టుకుని మెషిన్ దాకా తీసుకొచ్చేది. నన్ను సారూ అంటూనే నువ్వు అనేది. "సారూ, జర జరుగు, నీ కుర్చీ కింద ఊడ్వాలె." మొదట్లో నాకు చివుక్కుమనేది. మా ఊళ్లో పనివాళ్లు నన్ను అలా పిలిచి ఎరగరు. ఇక్కడ అందరూ అంతేనని తెలియడానికి ఏడాది పట్టింది. తెలిశాక కూడా ఆ చివుక్కు పూర్తిగా పోలేదు. ఇదీ నా సంగతి.

మా రేడియాలజిస్టు గారికి ఒక పట్టుదల ఉండేది. మామూలు స్కాన్‌లో మెదడు ఎలా ఉందో కనిపిస్తుంది కానీ ఎంత గట్టిగా ఉందో, ఎంత మెత్తబడిందో కనిపించదు. కడుపునైతే డాక్టరు చేత్తో నొక్కి చూస్తాడు. మెదడును నొక్కి చూడటానికి మధ్యలో పుర్రె అడ్డం. అందుకని తలను బయట నుంచి సన్నగా వణికించి, ఆ వణుకు లోపల అలలుగా ఎలా పాకుతుందో ఎమ్మారైలో బొమ్మ తీయాలి. గట్టిగా ఉన్నచోట అల వేగంగా పోతుంది, మెత్తగా ఉన్నచోట నెమ్మదిస్తుంది. పై దేశాల్లో ఇది మొదలై కొన్నేళ్లయిందని, మన దగ్గర కూడా చెయ్యొచ్చని ఆయన అనేవారు. ఇనుము ఆ గదిలోకి పోకూడదు కాబట్టి పెద్ద స్పీకరును బయట పెట్టి, దాని నుంచి ప్లాస్టిక్ గొట్టం లోపలికి తెచ్చి, తల కింద రబ్బరు దిండుకు బిగించాం. స్పీకరు గుంయ్‌మంటే దిండు వణికేది, దిండుతో పాటు తల.

చిక్కల్లా సమయంతోనే. అల మూడు దిక్కుల్లో పాకుతుంది కాబట్టి మూడుసార్లు తీయాలి. ఒక్కో దిక్కులో అల లేచి పడే దాకా ఎనిమిది చోట్ల పట్టుకోవాలి. అంతా కలిపి అరగంట పైమాటే. అంతసేపు తల వణుకుతుంటే మనిషి కదలకుండా పడుకోవడం కష్టం, జబ్బు మనిషికైతే అసలు కుదరదు. దీన్ని త్వరగా తీసే దారి వెతకమని డాక్టరు గారు నాకు అప్పగించారు. వ్యాసం అచ్చయితే నీ పేరు కూడా ఉంటుందయ్యా అన్నారు.

నా పేరు అప్పటిదాకా అచ్చులో ఎక్కడా పడలేదు. పెళ్లి శుభలేఖ తప్ప.

నేను ఆదివారాలన్నీ దానికే ఇచ్చాను. ఎనిమిది చోట్ల బదులు నాలుగు చోట్ల పట్టుకుంటే సరిపోతుందని చూశాను. ఒక్కో వణుకులో బొమ్మ తాలూకు గీతలు ఎక్కువగా రాబట్టేలా సమయాలు మార్చాను. మొదట జెల్లీ పోసిన డబ్బాలను, తర్వాత మనుషులను పడుకోబెట్టి, నిదానంగా ఒకసారి, వేగంగా ఒకసారి తీసి పోల్చేవాళ్లం. రెండూ దగ్గర దగ్గరగా వచ్చేవి. చివరికి ఏడు నిమిషాలకు తెచ్చాను. కంపెనీ నుంచి వచ్చే ఇంజనీరు ఈ మెషిన్ మీద అది జరిగే పని కాదన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా పొగరెక్కింది. ఏడు నిమిషాల సంగతి కాలనీలో నాలుగిళ్లకి చెప్పుకున్నాను. వాళ్లకి ఏం అర్థమైందో తెలియదు గానీ బాగా తల ఊపారు.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొంతమందిని పడుకోబెట్టి లెక్కలు చూడాలి. వాచ్‌మన్, రిసెప్షన్ అమ్మాయి, నేను, నా భార్య, అందరం పడుకున్నాం. పెద్దవయసు వాళ్లు తక్కువ పడ్డారు. ఆయమ్మను అడిగాను.

అప్పటికి కొన్ని నెలలుగా ఆమె నడక మారింది. అడుగులు చిన్నవయ్యాయి, కాళ్లు నేలను రాసుకుంటూ వచ్చేవి. తలుపు గడప దగ్గర ఆగిపోయి, ఏదో దాటబోతున్నట్టు తటపటాయించేది. ఒకరోజు వాచ్‌మన్ అడిగాడు.

"ఏంది ఆయమ్మా, కొత్త పెండ్లికూతురు లెక్క నడుస్తున్నవ్?"

"నేనేం జేద్దురా, కాళ్లు నేలకు అంటుకపోతున్నయ్. సారు మిషన్ల అయస్కాంతముంటది గదా, గది గుంజుతాంది."

అందరం నవ్వాం. ఎక్కువ నవ్వింది నేనే. అయస్కాంతం కాళ్లను లాగదు ఆయమ్మా, నీ కాళ్లలో ఇనుము లేదుగా అని పాఠం కూడా చెప్పాను. "ఏమో సారూ, నీకే తెల్వాలె" అంది. అలాంటి నడకకు డాక్టర్ల పుస్తకాల్లో అయస్కాంతపు నడక అనే పేరే ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది. అంత చక్కగా తన జబ్బును తానే చెప్పుకున్న మనిషిని చూసి నేను నవ్వాను.

ఒక ఆదివారం పొద్దున ఆమె వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నా భార్యనూ పాపనూ శామీర్‌పేట చెరువు దగ్గరి జింకల పార్కుకు తీసుకెళ్తానని మాటిచ్చాను. పదకొండింటికల్లా వాళ్లు సెంటరుకే వచ్చి బయట కూర్చున్నారు. నేను త్వరగా ఫారం తీసుకుని ప్రశ్నలు అడిగాను.

"తల తిరగడం ఏమైనా ఉందా ఆయమ్మా?"

"ఊకె తిరుగుతది సారూ."

"మరుపు?"

"ఊకె మర్సిపోత. మొన్న పొయ్యి మీద పాలు వెట్టి శామీర్‌పేటల ఆటో ఎక్కిన."

"పడిపోవడం లాంటివి?"

"గది గూడ ఊకె."

మా వైపు ఊరికే అంటే ఏ కారణమూ లేకుండా, పెద్ద విశేషం కాకుండా అని. ఊరికే వచ్చాను, ఊరికే అడిగాను. ఆమె నోట ఊకె అన్నది నా చెవిలో ఊరికే అయింది. వయసు మీద పడ్డ మనిషి, ఏదో ఊరికే అలా అవుతుంటుంది అంటోంది అనుకున్నాను. మూడు ప్రశ్నలకూ ఎదురుగా "ప్రత్యేకంగా ఏమీ లేదు" అని రాసి, ఆరోగ్యవంతుల జాబితాలో చేర్చాను.

ఆమె పిన్నులు తీసి పడుకుంది. ఎంతమందిని ఆ బల్ల మీదకు ఎక్కించిందో, తను ఎక్కడం అదే మొదటిసారి. స్పీకరు మోగగానే మైకులో ఆమె గొంతు వినిపించింది.

"గిదేంది సారూ, జల్లెడ వట్టినట్టు నా తల వడుతున్నవ్. రాళ్లేమన్న వస్తే చెప్పు."

"మాట్లాడకు ఆయమ్మా. కదలకు."

తర్వాత ఏడు నిమిషాలూ ఆమె కదలలేదు. గాజు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కాలి వేలు కూడా కదలలేదు.

లెక్క వేస్తే వచ్చిన అంకె మిగతా అందరికంటే బాగా కిందికి ఉంది. ఆమె మెదడు అంత మెత్తగా ఉన్నట్టు. బొమ్మలో నీళ్లుండే గదులు కూడా పెద్దగా కనిపించాయి. చూశాను. వేల తలల బొమ్మలు చూసినవాణ్ణి, చూడలేదని చెప్పలేను. వయసు కదా అనుకున్నాను.

అప్పుడు చెయ్యాల్సింది తేలికైనదే. అదే తలను పాత పద్ధతిలో నిదానంగా ఇంకోసారి తీయాలి. అప్పుడూ అంకె తక్కువే వస్తే తేడా ఆమె తలలో ఉన్నట్టు. మామూలుగా వస్తే తేడా నా ఏడు నిమిషాల్లో ఉన్నట్టు. రెండోది నిజమవుతుందేమోనని నాకు భయం. పైగా అరగంట పడుతుంది, బయట పాప విసిగిపోయి తలుపు కొడుతోంది. తప్పు నా పద్ధతిలోనైనా ఉండాలి, ఆమె తలలోనైనా ఉండాలి. నేను మూడోది కనిపెట్టాను. రిజిస్టరులో "కదిలింది" అని రాసి ఆమె అంకెను పట్టికలోంచి తీసేశాను. బొమ్మల సీడీని డ్రాయరులో పడేశాను. జింకలను చూడ్డానికి వెళ్లాం.

మర్నాడు డాక్టరు గారి ముందు, ఆమె వింటుండగానే చెప్పాను. "ఆయమ్మది పనికిరాలేదు సార్, బాగా కదిలింది."

ఆమె తుడుస్తున్న గుడ్డ వదిలేసి లేచింది. "నేను మెదల్లే సారూ. మా అమ్మ తోడు మెదల్లే. ముక్కు మీద ఈగ వాలినా ఊకున్న."

"నీకు తెలియకుండానే కదిలి ఉంటావులే."

"అయితే మల్ల పండుకుంట. ఇప్పుడే పండుకుంట."

"అక్కర్లేదు."

మధ్యాహ్నం మళ్లీ వచ్చి అడిగింది. "సారూ, మల్ల ఒక్కపారి జూడు. నా వల్ల నీ పని ఖరాబైంది గదా." నా పని పాడయిందని ఆమెకు బాధ. నేను కంప్యూటరు మీంచి తల తిప్పకుండా, అవసరం లేదని చెప్పాను కదా అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు వాచ్‌మన్ ఆమెను ఏడిపించేవాడు. "ఆయమ్మా, నిలబడు నిలబడు, కదిలితే సారు కొట్టేస్తడు." ఆమె నవ్వేది కాదు.

ఏడాది తిరక్కుండానే ఆమె ట్రేతో పాటు పడిపోయింది. ఒకసారి వెయిటింగ్ హాలు మధ్యలో, పేషెంట్లందరి ముందు, చీర తడుపుకుంది. ఎంతోమందికి గౌను తొడిగి పరువు కాపాడిన మనిషి గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. మేనేజరు నన్ను పిలిచి ఏం చేద్దామన్నాడు. పెద్దదైపోయింది, ఇంటికి పంపిస్తేనే మంచిది అన్నాను. నా సలహాతోనే పంపించారు. పోయేటప్పుడు నా గదికి వచ్చి, గడప దాటలేక అక్కడే నిలబడి, "పోతున్న సారూ" అంది. నేను లేవలేదు.

ఇంకో ఏడాదికి కొడుకు ఆమెను పేషెంటుగా తీసుకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని నడిపిస్తున్నాడు. మాట బాగా తగ్గిపోయింది. ఫారం నేనే తీసుకున్నాను.

"ఊకె పడ్తది సార్" అన్నాడు.

"ఊరికే పడిపోతుందా? కాలికి ఏమీ తగలకుండా?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఊరికే గాదు సార్, ఊకె. మాటిమాటికి. దినాం నాలుగైదు సార్లు పడ్తది. ఊకె ఒంటికొస్తదంటది, పొయ్యే లోపలనే అయిపోతది."

నా చేతిలో పెన్ను ఆగింది. రెండేళ్ల కిందటి మూడు జవాబులూ వరసగా చెవిలో వినిపించాయి. ఊకె తిరుగుతది. ఊకె మర్సిపోత. గది గూడ ఊకె. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, ఊకె అంటే ఏంటి ఆయమ్మా అని. ఆ పొరపాటును నేను కొంతవరకూ క్షమించుకోగలను. చెవి చేసిన తప్పు అది. తర్వాత జరిగింది నోరు తెలిసి చేసిన తప్పు.

మామూలు స్కాన్ తీశాం. డాక్టరు గారు బొమ్మలు చూసి కొడుకును లోపలికి పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. "మెదడులో నీళ్లుండే గదులు ఉబ్బాయి. వయసుతో మెదడు కుంచించుకుపోయినా ఇలాగే కనిపిస్తుంది, దానికి మందు లేదు. అలా కాకుండా నీళ్లు సరిగా ఇంకక పేరుకుపోతుంటే సన్నని గొట్టం వేసి కిందికి దించొచ్చు. మనిషి తేరుకుంటుంది. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఏది నిజమో తేలాలంటే పాత బొమ్మ ఏదైనా ఉంటే బాగుండేది. తక్కువ కాలంలో ఎంత ఉబ్బిందో తెలిసేది."

ఆయన నా వైపు చూసి అడిగారు. "పాతవి ఏమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

కొడుకు అందుకున్నాడు. "అదేంది సార్? మా అమ్మను ఒకపారి గీ మిషన్ల పండవెట్టిండ్రు గదా. ఇంటికొచ్చి వారం దినాలు గదే ముచ్చట చెప్పింది."

"అది వేరే పని. ఆ బొమ్మలు పాడయ్యాయి. ఆమె కదిలింది."

అంతసేపూ కుర్చీలో తల దించుకుని కూర్చున్న ఆయమ్మ తల ఎత్తింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. "మెదల్లే" అంది. ఆ రోజు ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే.

డాక్టరు గారు ఆమెను చూశారు, నన్ను చూశారు. పెద్దాసుపత్రికి రాసి పంపారు. అక్కడి వాళ్లు వయసే కారణమని, ఈ వయసులో గొట్టం వేసి లాభముంటుందో లేదో చెప్పలేమని, కొన్నాళ్లు చూసి రమ్మన్నారు. ఆ సంగతి వాచ్‌మన్ ద్వారా తెలిసింది. సీడీ నా డ్రాయరులోనే ఉంది. రోజూ ఆ డ్రాయరు తీసి స్టేప్లరు తీసుకునేవాణ్ణి, సీడీ కనిపించేది, మూసేవాణ్ణి. ఇస్తే నా రాత అబద్ధమని తేలుతుంది. అప్పటికి వ్యాసం అచ్చుకు పంపే దశలో ఉంది. ఇలా నాలుగు నెలలు గడిపాను. నాలుగు నెలలు ఆమె మెదడును నీళ్లు నొక్కుతున్నాయని తెలిసి గడిపాను.

చివరికి ఇచ్చాను. మంచితనంతో కాదు. మేడ్చల్ బస్టాండులో ఒకరోజు కొడుకు ఆమెను వీపు మీద మోసుకుని బస్సు దిగడం చూశాను. అతను నన్ను చూస్తాడేమోనని పాన్‌డబ్బా వెనక్కి తప్పుకున్నాను. ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు డాక్టరు గారు సీడీ పెట్టి చాలాసేపు చూశారు. రెండు బొమ్మల్లో ఉబ్బిన తేడా ఎవరికైనా కనిపిస్తుంది. తర్వాత గట్టిదనం పటం తెరిచారు.

"ఎక్కడ కదిలింది?"

ఆయనే పటంలో ఒక్కో పొరా దాటిస్తూ పోయారు.

"ఇంత శుభ్రమైన డేటా మనకి ఇంకెవరి దగ్గరా రాలేదయ్యా. నీ భార్య కూడా ఇంత కదలకుండా పడుకోలేదు. మామూలు తలలకూ జబ్బు తలకూ తేడా ఏడు నిమిషాల్లో తెలుస్తుందా అనే కదా మనం చూస్తున్నది. తెలిసింది. నీ పద్ధతి పనిచేసింది. నువ్వు దాన్ని చెత్తలో వేశావు."

ఆయన వెంటనే పెద్దాసుపత్రికి ఫోన్ చేశారు. పది రోజుల్లో గొట్టం వేశారు. వ్యాసం అచ్చుకు పోలేదు. పట్టికలో ఒకటి మార్చినవాడు ఇంకేం మార్చాడో నాకెలా తెలుస్తుంది అన్నారు డాక్టరు గారు. మిగతావి నేను మార్చలేదు. కానీ ఆ మాట అనే హక్కు నాకు లేదు.

రెండు నెలల తర్వాత శామీర్‌పేట వెళ్లాను. కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి పోతే రేకుల ఇల్లు. కొడుకు వాకిట్లో కూర్చుని పాత సెంట్రింగ్ చెక్కల నుంచి మేకులు పీకి, రాయి మీద పెట్టి సాపు చేస్తున్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఊకె, ఊరికే, కదిలింది, డ్రాయరు, నాలుగు నెలలు. బస్టాండులో దాక్కున్నది కూడా చెప్పాను. అతను పని ఆపలేదు. ఒక మేకు అయ్యాక ఇంకో మేకు.

"అయిపాయెనా?" అన్నాడు.

"అయిపోయింది."

"మంచిది. చెప్పుకున్నవ్, నీకు సల్లగయింది. ఇగ నన్నేం జెయ్యమంటవ్ సార్? పోనీలే అనాల్నా?"

"అనొద్దు."

"అనను." ఇంకో మేకు మీద దెబ్బ వేశాడు. "కాళ్లు మంచిగైనయ్. బట్టలు ఖరాబు చేసుకుంటలేదు. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పిండు, మొదట్లనే తీసుకొస్తే బుర్ర గూడ నిలబడేదని. ఇప్పుడు నేనెవర్నో ఆమెకు తెల్వది సార్. సచ్చిపోయిన మా మేనమామ అనుకుంటది. తమ్మీ అని పిలుస్తది. కొడుకేడి అంటే పనికి పోయిండు, పొద్దుగూకినంక వస్తడు అంటది. దినాం నా ముంగట కూసోని నా కోసం ఎదురు సూస్తది."

ఇంతలో ఆమె లోపలి నుంచి వచ్చింది. గడప దాటి వచ్చింది, ఆగకుండా. అడుగులు నేల మీంచి లేస్తున్నాయి. నన్ను ఎగాదిగా చూసి కొడుకుతో అంది.

"తమ్మీ, ఎవరో సారు నిలబడ్డడు. ఎండల నిలవెడితివేంది? చాయ్ పొయ్యి."

అతను సుత్తి కింద పెట్టాడు. ఆమె మాట కాబట్టి లేచాడు. లోపలికి పోయి స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ ఉంది. అతను గాజు గ్లాసులో చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు.

"తాగి పో సార్. మల్ల రాకు."

తాగాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే నిలబడ్డాను. అతను వచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, మళ్లీ చెక్కల దగ్గర కూర్చున్నాడు.